అమ్మ చేతి కొలత

"ఉప్పు ఎంత వెయ్యాలమ్మా?" అని అడిగితే "చూసుకుని వెయ్యి" అనే జవాబు వినని తెలుగువాళ్ళు ఉంటారా? ఏం చూసుకోవాలో, ఎంత చూసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. కిందటేడు మన బడిలో పెద్ద తరగతి పిల్లలకి "మా అమ్మ వంట" అని ఒక పేజీ రాసుకు రమ్మని హోంవర్కు ఇచ్చాము. వచ్చిన పేజీల నిండా "కొంచెం", "కాస్త", "సరిపడా" అనే మాటలే. ఒక పాప అయితే "కారం - అమ్మ వేసినంత" అని రాసేసింది. క్లాసంతా నవ్వింది, మేమూ నవ్వాం. ఇంటికెళ్ళాక ఆలోచిస్తే, మా వంటింట్లోనూ ఇరవై ఏళ్ళుగా అదే కొలత నడుస్తోంది కదా అనిపించింది.

ముందు మా సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. మా ఇద్దరిలో ఒకరిది కోనసీమ, ఇంకొకరిది కరీంనగర్ జిల్లా. కాపురం మిస్సిసాగాలో. అంటే మా వంటింటికి ఇద్దరు అమ్మలు. పిల్లలకి ఒకరు అమ్మమ్మ, ఇంకొకరు బాపమ్మ. (తెలంగాణలో నాన్నగారి అమ్మని చాలా ఇళ్ళల్లో బాపమ్మ అనే అంటారు.) ఒకరి ఆనపకాయ ఇంకొకరికి సొరకాయ. ఒకరి బంగాళాదుంప ఇంకొకరికి ఆలుగడ్డ. ఒకరు పచ్చడి అన్నదాన్ని ఇంకొకరు తొక్కు అంటారు. చిన్నప్పుడు మా అబ్బాయి ఇవి రెండు వేరు వేరు కూరలనుకుని, "నాకు సొరకాయ వద్దు, ఆనపకాయ కావాలి" అని పేచీ పెట్టేవాడు!

ఇక అసలు విషయం. 2003లో మొదటిసారి ఇక్కడ ఆవకాయ పెడదామనుకున్నాం. అప్పట్లో ఫోన్ కార్డు గీకి నంబరు నొక్కి మాట్లాడేవాళ్ళం. అమ్మ మొత్తం చెప్పేలోపల కార్డులో నిమిషాలు అయిపోయేవి. "ఉండు, ఉత్తరం రాస్తాను" అంది అమ్మ. మూడు వారాలకి నీలం రంగు ఏరోగ్రామ్ వచ్చింది. అది ఇప్పటికీ మా దగ్గర ఉంది, మడతల దగ్గర చిరిగితే టేపు వేశాం. అందులో ఉన్నది ఇంతే:

"ఆవాలు ఎండబెట్టి పొడి కొట్టించు. కాయలు కడిగి, తుడిచి, ఆరనిచ్చి, టెంకతో ముక్కలు కొట్టాలి. ముక్కలు నాలుగు చెంబులు, ఆవపిండి ఒక చెంబు, కారం ఒక చెంబు, ఉప్పు ముప్పావు చెంబుకి కాస్త వెలితి. గుప్పెడు మెంతులు. నువ్వుల నూనె ఒక చెంబు, తర్వాత చూసుకుని. తడి తగలనివ్వకు. మూడో రోజు తిరగకలుపు. చెంబు అంటే దేవుడి దగ్గర చెంబు కాదు, పాలు పోయించుకునే చెంబు."

ఇంత చిన్న ఉత్తరంలో తప్పు చెయ్యడానికి ఏముందనిపిస్తుంది కదా? మేము ఐదు తప్పులు చేశాం.

మొదటిది ఆవాల దగ్గరే. మే నెలలో మిస్సిసాగాలో ఎండ కోసం నాలుగు రోజులు చూశాం. వాన, మబ్బు, మళ్ళీ వాన. చివరికి ఆవాలని ట్రేలో పోసి ఒవెన్‌లో 350 డిగ్రీల మీద పావుగంట పెట్టాం. ఎండలో పెట్టినా ఒవెన్‌లో పెట్టినా తడి పోవడమే కదా అని మా లెక్క. పైగా సూపర్ మార్కెట్లో దొరికే పెద్ద పసుపు ఆవాలు తెచ్చాం, చూడటానికి శుభ్రంగా ఉన్నాయని. మూడో రోజు మూత తీస్తే మంచి రంగు ఉంది, నూనె తేలింది, ఉప్పూ కారం సరిపోయాయి. కానీ ఆవకాయ మాత్రం కాదు అది. మామిడికాయ ముక్కలు నూనెలో ఈదుతున్నాయి, అంతే. ఫోన్ చేసి చెప్తే అమ్మ ఒక్కటే అడిగింది: "ఆవాలు వేయించావా ఏంటే?"

చదువురాని శాస్త్రం అంటే అదే. పిల్లలూ, ఇది మీ సైన్స్ క్లాసులో కూడా పనికొస్తుంది, కొంచెం వివరంగా చెప్తాం. ఆవగింజలో ఘాటు తయారుగా ఉండదు. ఒక పదార్థం ఒక గదిలో, దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఇంకొక గదిలో విడివిడిగా ఉంటాయి. గింజ నలిగి, కొంచెం తడి తగిలితే రెండూ కలుస్తాయి. అప్పుడు పుడుతుంది ముక్కులోకి ఎక్కే ఘాటు. ఆ ఎంజైమ్ పేరు మైరోసినేజ్. దానికి వేడి పడదు. బాగా వేడి చేస్తే పాడైపోతుంది, ఇక గింజని ఎంత నలిపినా ఘాటు పుట్టదు. అందుకే పోపులో చిటపటలాడిన ఆవాలు నమిలితే కమ్మగా ఉంటాయి తప్ప ముక్కు పట్టుకోనక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో పనసపొట్టు కూరకి ఆవ పెట్టేటప్పుడు కూర పొయ్యి మీంచి దించాకనే ఆవముద్ద కలుపుతారు. కారణం అదే. అమ్మ ఏ రోజూ ఎంజైమ్ పేరు వినలేదు, కానీ "ఎండబెట్టి" అన్న చోట "వేయించి" అని ఒక్కసారి కూడా అనలేదు.

పసుపు ఆవాలు కూడా పొరపాటే. వాటి ఘాటు నాలుక మీదే ఉండిపోతుంది, ముక్కుకి ఎక్కదు. హాట్ డాగ్ మీద వేసుకునే పచ్చటి మస్టర్డ్ అందుకే అంత సాధువు. మనకి కావలసింది చిన్న గోధుమరంగు ఆవాలు. వాటి కోసం మేము ఇండియన్ స్టోర్లన్నీ తిరిగాం. తర్వాత తెలిసిన విషయం ఏమిటంటే, ఆవాలు ఎగుమతి చేసే దేశాల్లో కెనడా మొదటి వరసలో ఉంది, ఆ పంటలో ఎక్కువ భాగం సస్కాచెవాన్‌లోనే పండుతుంది! 2021లో ప్రెయిరీల్లో కరువొచ్చి పంట దెబ్బతింటే, 2022లో ఫ్రాన్సులో దిజాన్ మస్టర్డ్ దొరక్క కొట్లలో అరలు ఖాళీ అయ్యాయి. అంత ఆవాల దేశంలో కూర్చుని మేము ఆవకాయకి ఆవాలు లేవని బాధపడ్డాం.

ఇంతకీ ఆవ మనకి ఎప్పటినుంచి ఉందో చెప్పాలంటే ఒక రాజుగారి దగ్గరకి వెళ్ళాలి. శ్రీకృష్ణదేవరాయలు (1509-1529 మధ్య విజయనగరాన్ని ఏలినాయన) రాసిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అనే భక్తుడు ఇంటికి వచ్చిన అతిథులకి ఏ కాలంలో ఏం వడ్డించేవాడో వరసగా ఉంటుంది. వానాకాలంలో ఒక భోజనం, ఎండాకాలంలో చలవ చేసే పదార్థాలు, చలికాలంలో కొత్తబియ్యపు అన్నం, మిరియాల పొడి జల్లిన వేడివేడి కూరలు, ముక్కుకి మందులా ఎక్కే ఆవ పచ్చళ్ళు. జనవరిలో ఇక్కడ జలుబుతో ముక్కు బిగుసుకున్నప్పుడు మాకు ఆ వడ్డన గుర్తొస్తుంది. రాయలవారికి మిస్సిసాగా చలి తెలియకపోయినా మందు మాత్రం తెలుసు.

ఆ వంటలో కారానికి మిరియాలే ఉన్నాయి, గమనించారా? మిరపకాయ పుట్టింది మెక్సికో ప్రాంతాల్లో, అంటే మనమిప్పుడు ఉన్న ఈ ఖండంలోనే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలతో ఇండియాకి వచ్చి, మెల్లగా గుంటూరులో స్థిరపడి, మళ్ళీ ప్యాకెట్లో పడి మన దగ్గరకి వస్తోంది. ఎర్రటి ఆవకాయ రాయలవారి కాలంలో ఉండే అవకాశం లేదన్నమాట. ఈ మాట చెప్తే అమ్మ నమ్మలేదు. "అయితే వాళ్ళు ఏం తిని బతికారే?" అంది.

మిగిలిన తప్పులు త్వరగా చెప్పేస్తాం. టెంకతో కొట్టాలంటే మాకు కత్తిపీట లేదు, కొట్టే మనిషీ లేడు, అందుకని చాకుతో చెక్కు దాకా కండ కోసి టెంక పారేశాం. నెల తిరిగేసరికి ముక్క మెత్తబడి గుజ్జయిపోయింది. లోపల జీడి తీసేసి, పొర తుడిచి, గట్టి టెంక ముక్కకి అంటిపెట్టుకుని ఉంటేనే ఏడాదిపాటు ముక్క ముక్కలా ఉంటుంది. కాయలు కూడా బయట పచ్చగా ఉన్నా లోపల పండుబారినవి. అమ్మకైతే కొత్తపల్లి కొబ్బరి కాయ అయితే తప్ప చెయ్యి కదలదు! ఇక తడి. జాడీ కడిగి గుడ్డతో తుడిచి, ఆరిందనుకుని వాడాం. అడుగున ఎక్కడో చుక్క నీళ్ళున్నాయి. అక్కడే బూజు పట్టింది.

మూడో రోజు తిరగకలపడం గురించి మాత్రం ఆగి చెప్పాలి, ఎందుకంటే దానికి తెలుగులో మంచి మాట ఉంది: ఊట. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. మొదటి రోజు పొడిపొడిగా ఉన్నది మూడో రోజుకి ఊట ఊరి జారుగా అవుతుంది. అప్పుడు అడుగునున్న ఉప్పు పైకి రావాలి, పైనున్న ముక్కకి ఊట తగలాలి, అందుకే కలపడం. రుచి చూసి ఉప్పు సరిచేసుకోవలసింది కూడా అప్పుడే, ముందు కాదు. "తర్వాత చూసుకుని" అని అమ్మ రాసిన నూనె అప్పుడే పోస్తాం, ముక్కలు మునిగేంత. పైన నూనె తెట్టులా నిలబడితే గాలి తగలదు, బూజుకి గాలి కావాలి. "చూసుకుని" అంటే ఇది చూసుకోవడం. ఆ మాట అర్థం కావడానికి మాకు మూడు వేసవులు పట్టింది.

బాపమ్మ పద్ధతి వేరు. ఆమె ఉత్తరాలు రాయదు. చేసి చూపిస్తుంది, అంతే. 2009 డిసెంబరులో మా దగ్గరకి వచ్చినప్పుడు సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం, ఉప్పు వేసి, నీళ్ళతో గట్టిగా కలిపి, నూనె రాసిన గిన్నె లోపలివైపు గోడలకి కూడా వచ్చేటట్టు పలచగా ఒత్తాలి. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నసెగ మీద కాల్చాలి. సర్వ అనే గిన్నెలో చేస్తారు కాబట్టి సర్వపిండి. వరంగల్ వైపు గిన్నెప్ప అంటారు. కోస్తాలో దీనికి తపాలచెక్క అని చుట్టముంది. ఈ చుట్టరికం కనిపెట్టిన రోజు మా ఇద్దరమ్మలూ ఫోన్లో గంట మాట్లాడుకున్నారు.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, బాపమ్మ సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చిన సర్వకి అడుగు గుండ్రం. మా కరెంటు పొయ్యి చదును. గిన్నె దాని మీద బొంగరంలా తిరుగుతుంది. చివరికి చదును అడుగున్న దళసరి గిన్నె వెతికాం. రెండో చిక్కు: ఒకటి కాలాక రెండోది వెంటనే ఒత్తలేము, గిన్నె కాలుతుంది, పిండి చేతికి ఉడికి అంటుకుంటుంది. ఊళ్ళో అయితే గిన్నె అడుగు నీళ్ళల్లో పెట్టి చల్లారుస్తారు. బాపమ్మ అటూ ఇటూ చూసి, వెనకతలుపు తీసి, గిన్నె తీసుకెళ్ళి డెక్ మీద మంచులో గుచ్చింది! చుయ్‌మని ఆవిరి లేచింది. "బిడ్డా, గిసొంటి ఫ్రిజ్జు మా ఊర్ల లేదు" అంది. పిల్లలు ఆ రోజంతా గిన్నెలు మోశారు. (ఇంట్లో నాన్‌స్టిక్ గిన్నెలతో ఈ పని చెయ్యకండి, అడుగు వంగిపోతుంది. మాకు ఒకటి పోయింది.)

అమ్మ కూడా రెండు వేసవులు వచ్చి ఉంది. జూన్‌లో పక్కింటావిడ తన పెరట్లో కోసిన రూబార్బ్ కాడలు ఒక కట్ట ఇచ్చింది. ఇక్కడివాళ్ళు చక్కెర వేసి పై చేసుకుంటారు. అమ్మ ఒక ముక్క కొరికి, కళ్ళు చిట్లించి, "ఇది మన చుక్కకూర చుట్టమే" అంది. మర్నాడు కందిపప్పులో వేసి వండింది, వెల్లుల్లి పోపుతో. చింతపండు అక్కర్లేని పప్పు! చాలా రోజుల తర్వాత ఏదో పుస్తకంలో చూశాం: చుక్కకూర, రూబార్బ్ రెండూ వృక్షశాస్త్రంలో నిజంగానే ఒకే కుటుంబానికి చెందినవి. నాలుక ఆ మాట ముందే చెప్పేసింది. ఒక్క జాగ్రత్త. చుక్కకూర ఆకు తింటాం కదా అని రూబార్బ్ ఆకు వండకండి, అది విషం. కాడ ఒక్కటే తినాలి. గోంగూర కావలసినవాళ్ళు మే చివర్లో, మంచు భయం పోయాక విత్తనాలు వేసుకోవచ్చు, అక్టోబరు మంచు పడేలోపు మూడు నాలుగు కోతలు వస్తాయి. మా పెరట్లో వస్తున్నాయి. అది దొరకనప్పుడు థాంక్స్‌గివింగ్ రోజుల్లో వచ్చే క్రాన్‌బెర్రీలతో పచ్చడి చేసి చూడండి. గోంగూర అని మాత్రం అనకండి, అమ్మకి కోపం వచ్చేది.

అమ్మ 2016లో పోయింది. బాపమ్మ ఇప్పటికీ వీడియో కాల్‌లో గిన్నె దగ్గరగా చూపించమని, "మంట తక్కువ జెయ్యి" అని కేకలేస్తుంది. అడగడానికి ఆమె ఉంది. ఆవకాయకి మాత్రం మాకు ఇప్పుడు ఆ ఉత్తరం ఒక్కటే దిక్కు.

పోయినేడు మా అమ్మాయి (దానికి పన్నెండేళ్ళు) హోంవర్కు కోసం ఆ ఉత్తరం ముందేసుకుని కూర్చుంది. "చెంబు అంటే ఎన్ని కప్పులు?" అంది. నాలుగు, ఒకటి, ఒకటి, ముప్పావు - ఇవన్నీ ఒకే చెంబుతో కొలిస్తే చెంబు ఎంతదైనా ఫరవాలేదు, పాళ్ళు మారవు అని చెప్పాం. మన పాత కొలతల్లో ఉన్న సుఖం అదే. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని మా పెద్దవాళ్ళు వేళ్ళ మీద చెప్పేవారు. 1956లో మన దేశంలో మెట్రిక్ చట్టం వచ్చాక కూడా వంటింట్లో సోల, గిద్దె చాలా ఏళ్ళు బతికాయి. కెనడా 1970ల్లో మెట్రిక్‌కి మారింది, అయినా పక్కింటావిడ ఇప్పటికీ కప్పుతోనే పిండి కొలుస్తుంది, ఒవెన్ డిగ్రీలు ఫారెన్‌హీట్‌లోనే చెప్తుంది. వంటింటికి చట్టాలు ఆలస్యంగా చేరతాయి.

అమ్మాయి వదల్లేదు. "మరి గుప్పెడు? చెంబు పెద్దదైతే గుప్పెడు పెద్దది కాదు కదా!" అంది. నిజమే. మెంతులు ఎక్కువైతే చేదు, తక్కువైతే వాసన రాదు. చెంబుతో పాటు పెరగని కొలత అదొక్కటే. ఇన్నేళ్ళుగా మేము మా గుప్పెటతో వేస్తున్నాం, ఒక్కోసారి చేదు వస్తోంది, ఎందుకో తెలియలేదు. మా చేతులు అమ్మ చేతులకన్నా పెద్దవి.

అమలాపురంలో మామయ్య దగ్గర ఆ పాల చెంబు ఇంకా ఉంది. ఫోన్ చేస్తే నవ్వి, దాన్ని నిండా నీళ్ళతో నింపి, కొలత గ్లాసులో పోసి చూశాడు. 680 మిల్లీలీటర్లు. చెంబు తేలిపోయింది, గుప్పెడు మిగిలింది. బీరువాలో అమ్మ గాజులు నాలుగు ఉన్నాయి. మా ఇద్దరి ఆడవాళ్ళ చేతులకీ అవి ఎక్కవు, అందుకే అలా ఉండిపోయాయి. మా అమ్మాయి ఒకటి తీసి వేసుకుంటే సబ్బు లేకుండా సరిగ్గా ఎక్కింది. దాని చేత మెంతుల డబ్బాలో చెయ్యి పెట్టించి, మూసిన గుప్పెటని వంటింటి త్రాసు మీద వదలమన్నాం. మూడుసార్లు తూచాం: 37, 39, 38 గ్రాములు.

ఉత్తరం కింద ఖాళీ ఉంటే అది పెన్సిలుతో రాసింది, తెలుగులోనే: గుప్పెడు = 38 గ్రాములు, నాలుగు చెంబుల ముక్కలకి.